మద్రాసు రేవులో ఓడలు ఎట్లా పోయేవి

మన సీమకు సముద్రం లేదు. అయినా రెండు వందల ఏళ్ల కిందట కడప నీలిమందు, కర్నూలు నల్లరేగడి పత్తి, వజ్రకరూరు, బనగానపల్లె వైపు దొరికిన వజ్రాలు సీమ దాటి దూరదేశం పోవాలంటే చాలావరకు మద్రాసు ఒడ్డుకు చేరాల్సిందే. లండన్ వర్తకులు మన వైపు నీలిమందును 'కుర్పా' అనే పేరుతో కొనేవాళ్లు. ఎద్దులబండి కనుమలు దిగి మద్రాసు చేరితే పని సగం అయినట్టే అనుకుంటాం. సరుకుకు అసలు గండం అక్కడే మొదలయ్యేది. ఇసుక ఒడ్డుకూ, దూరంగా లంగరేసిన ఓడకూ మధ్య ఒకటి రెండు మైళ్ల నీళ్లుండేవి.

తెరచాప ఓడ మునిగిందంటే నడిసముద్రం, కొండంత కెరటం, చిమ్మచీకటి కళ్లముందు కదులుతాయి. అట్లా పోయిన ఓడలూ ఉన్నాయి. కానీ పేరుమోసిన ప్రమాదాలను వరసగా పెట్టి చూస్తే, చాలా ఓడలు పగిలింది నేల కనిపించేంత దగ్గర్లోనే. కొన్నయితే లంగరు వేసుకుని నిలబడిన చోటే పోయాయి. తెరచాప ఓడకు లోతైన నీళ్లు ఊపిరి, ఒడ్డు గొంతుమీద కత్తి. ఇది పట్టుబడితే మిగతా లెక్కలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

మద్రాసుకు 19వ శతాబ్దం చివరిదాకా రేవు గోడలు లేవు. తీరం ఉత్తర దక్షిణాలుగా గీత గీసినట్టు ఉంటుంది. ఓడ దాక్కోడానికి ఒక మలుపు లేదు, అడ్డంగా ఒక దీవి లేదు. పెద్ద ఓడలు ఎనిమిది తొమ్మిది బారల లోతులో, అంటే దాదాపు 50 అడుగుల నీళ్లలో లంగరేసేవి. అక్కడి నుంచి ఒడ్డుకు మనుషులనూ సరుకునూ మోసేది మసూలా పడవ. ఓడతో పాటు వచ్చే యూరోపియన్ చిన్న పడవలు ఆ ఒడ్డుకెరటాల్లో పనికొచ్చేవి కావు. మేకులు కొట్టి బిగించిన గట్టి పడవ ఇసుకను తాకిందంటే పలక చీలుతుంది, లేదా అడ్డం తిరిగి బోర్లపడుతుంది. మసూలా పడవలో ఒక్క ఇనుపమేకు కూడా ఉండదు, లోపల పక్కటెముకల్లాంటి దూలాలు ఉండవు. 30 అడుగుల దరిదాపు పొడవున్న పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి, కుట్టు కింద పీచో గడ్డో దట్టించేవాళ్లు. తుంగభద్రలో పుట్టి బండకు తగిలినప్పుడు విరగకుండా ఎట్లా లొంగుతుందో, ఈ పడవ కూడా ఇసుకకు తగిలినప్పుడు అట్లానే లొంగేది. నీళ్లు మాత్రం కారుతూనే ఉండేవి, ఒక మనిషి తోడుతూనే ఉండాలి. ఎనిమిది నుంచి పన్నెండు మంది తెడ్లేసేవాళ్లు, వెనక తండేలు పెద్ద తెడ్డుతో దారి పట్టేవాడు. అలను వీపున ఎక్కించుకోవాల్నా, ఆగి ముందుకు వదలాల్నా అన్నది అతని నోటిమాటే. కెరటాలు కోపంగా ఉన్న రోజు పక్కనే తెప్పలు నడిచేవి, నీళ్లలో పడినవాళ్లను ఏరుకోవడానికి. మరీ ప్రమాదమైతే రేవు అధికారి జెండా ఎగరేసి రాకపోకలు ఆపేవాడు.

నీలిమందు గురించి ఒక సంగతి. పడవ బోర్లపడి పెట్టె నీళ్లలో పడితే సరుకంతా కరిగి సముద్రం నీలం అవుతుందని అనుకోవద్దు. నీలిమందు మామూలు నీళ్లలో కరగదు. అద్దకపు తొట్టిలో దానికి సున్నమూ పులిసే పదార్థమూ కలిపి వేరే రూపానికి తెస్తే గానీ కరగదు. పెట్టెలో నీళ్లు దూరితే జరిగేది వేరు. బిళ్లలు విరిగి పొడి అవుతాయి, బూజు పడతాయి, మెరుపు పోతుంది. సరుకు చేతికొచ్చినా ధర రాదు. పత్తి బేలు సంగతి ఇంకా దారుణం. నీళ్లు తాగి బరువెక్కుతుంది, ఉప్పు పట్టిన దూదిని మళ్లీ ఎండబెట్టినా మొదటి రకం కింద ఎవరూ కొనరు. వజ్రాల వర్తకులకు ఈ బాధ తక్కువ. చిన్న మూటలుగా కట్టి, ఒకే ఓడలో పెట్టకుండా రెండు మూడు ఓడలకు పంచేవాళ్లు.

ఇక పెద్ద ఓడల సంగతి. అడ్డ తెరచాపలు కట్టిన ఓడ గాలికి ఎదురు పోలేదని అందరికీ తెలుసు. ఎంత ఎదురు పోలేదో లెక్క తెలిస్తే మద్రాసు ప్రమాదాల గుట్టు దొరుకుతుంది. దిక్సూచిని 32 భాగాలు చేస్తే, గాలి వచ్చే దిక్కుకు ఆరు భాగాలకంటే దగ్గరగా ఆ ఓడ ముక్కు తిరగదు. ఆరు భాగాలంటే 67 డిగ్రీల పైన. అదీ మంచి వాతావరణంలో. పెద్ద గాలిలో పై తెరచాపలు దించేశాక ఓడ ముందుకు పోతూనే పక్కకు జారుతుంది. ఆ జారుడు రెండు భాగాలు, అంటే 22 డిగ్రీలు అనుకోండి. ఇప్పుడు మద్రాసు ముందు నిలబడి, ఉత్తరం సున్నా, తూర్పు 90, దక్షిణం 180 డిగ్రీలు అనుకుని లెక్క వేద్దాం. గాలి ఉత్తరం నుంచి వస్తే ఓడ నేరుగా తూర్పుకు, లోతుకు పోగలదు. ఈశాన్యం నుంచి వస్తే ముక్కు 112 డిగ్రీల వైపు పెట్టినా, జారుడు కలిపితే నడక 134 డిగ్రీలు, అంటే ఆగ్నేయం. ఒడ్డుకు దూరం ఇంకా పెరుగుతూనే ఉంటుంది, కాకపోతే నెమ్మదిగా. గాలి తూర్పుకు తిరిగిందా, ముక్కు 157, నడక 179 డిగ్రీలు. అంటే సరిగ్గా దక్షిణం, ఒడ్డు వెంబడే. ఇక ఒక్క గజం కూడా లోతుకు పోలేదు. గాలి ఆగ్నేయం పట్టిందంటే దక్షిణం వైపు దారి మూసుకుపోతుంది. ఓడను తిప్పి ఈశాన్యం వైపు పట్టుకోవాలి. తెరచాపలు చినిగి, కెరటాలు విరుచుకుపడే వేళ ఓడ అట్లా తిరగడమే గగనం.

గాలి ఈ వరసలోనే ఎందుకు తిరుగుతుంది? మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. తుపాను తీరం దాటే చోటుకు ఉత్తరాన ఉన్నవాళ్లకు గాలి మొదట ఉత్తర ఈశాన్యాల నుంచి మొదలై తూర్పుకు, ఆపైన ఆగ్నేయానికి మారుతుంది. దక్షిణాన ఉన్నవాళ్లకు గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. 2021 నవంబరు 19న వాయుగుండం చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. ఆ రోజు చెయ్యేరు పొంగి రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది గదా. సముద్రం తేమను తెచ్చి మన కొండలకు కొట్టింది అదే తూర్పుగాలి, అదే ఉత్తరపు పక్క. తెరచాపల కాలంలో అట్లాంటి గుండం అదే దారిన వచ్చి ఉంటే, రాజంపేటలో వాన పడకముందే మద్రాసు ముందున్న ఓడల పని అయిపోయేది.

అందుకే పాత నావికుల నియమం ఒకటే. గాలి ఉత్తరాన ఉండగానే కదలాలి, తూర్పుకు తిరిగేదాకా ఆగితే చేతులెత్తేయడమే. చెప్పడం సులువు. లంగరెత్తడం పెద్ద పని. పదుల మంది చేరి చక్రం తిప్పుతూ నీళ్లు తాగిన మోకును లోపలికి లాగాలి. అలలు ఎక్కువైతే అది సాగదు. అప్పుడు మోకుకు ఒక తేలే బుంగ కట్టి, గొడ్డలితో తెగ్గొట్టి వెళ్లిపోవాలి. తర్వాత వచ్చి లంగరును వెతుక్కోవచ్చు. ఖరీదైన లంగరును వదలడానికి మనసొప్పని కెప్టెన్లు చాలామంది ఇంకో గంట చూద్దామనుకున్నారు. ఓడలను ముంచింది తుపాను అంటారు గానీ, నా లెక్కలో సగం నేరం ఆ గంటదే.

మోకు మీద నమ్మకం పెట్టుకోవడమూ ఒక కారణం. నార మోకు మందం తేల్చడానికి ఒక మోటు సూత్రం ఉండేది. ఓడ వెడల్పు ఎన్ని అడుగులో, అందులో సగం అంగుళాలు మోకు చుట్టుకొలత. 40 అడుగుల వెడల్పు ఓడకు 20 అంగుళాల చుట్టుకొలత, అంటే అడ్డం ఆరంగుళాలకు పైన. పొడవు దాదాపు 120 బారలు. అంత లావు మోకు గాలికి లాగి తెగిపోవడం కంటే ఒరుసుకుని తెగడమే ఎక్కువ. ఓడ ముక్కున మోకు బయటికొచ్చే రంధ్రం దగ్గర ప్రతి అలకూ అదే చోట రాపిడి. అందుకు పాత గుడ్డ, సన్నతాడు చుట్టేవాళ్లు, కొంచెం కొంచెం మోకు వదిలి రాపిడి చోటు మార్చేవాళ్లు. రాత్రంతా ఆ పని చేయడానికి మనిషి ఉండాలి. అడుగున ఇంకో ఓడ ఎప్పుడో వదిలేసిన లంగరు ఉంటే దానికి రాసుకుని తెగేది, పైనున్నవాళ్లకు కనిపించదు కూడా. మోకు తక్కువ వదిలితే లాగుడు పైకి వస్తుంది, లంగరు కొక్కెం నేల నుంచి ఊడి జారుతుంది. రెండు లంగర్లు వేస్తే గాలి మారినప్పుడు ఓడ తిరిగి రెండు మోకులూ మెలిపడతాయి. 1810ల తర్వాత ఇనుప గొలుసులు వచ్చాయి. గొలుసు తన బరువుకు తానే నేలమీద పడి ఉండి లాగుడును అడ్డంగా ఉంచుతుంది, రాపిడికి లొంగదు. కానీ అతుకు బాగాలేని ఒక్క కడియం చాలు, కుదుపుకు పుటుక్కుమంటుంది. పైగా దాన్ని గొడ్డలితో కొట్టలేరు. వదిలించుకోవాలంటే కడియాల మధ్య సీల తీయాలి.

లంగరు జారడం మొదలయ్యాక ఒక ఆఖరి ఉపాయం తెరచాప కొయ్యలను నరికేయడం. తాళ్లు, కొయ్యలు పోతే గాలికి పట్టు తగ్గుతుంది, లంగరు ఆగొచ్చు. ఆగకపోతే? తెరచాప కట్టే కొయ్య లేదు గనక తప్పించుకునే దారి కూడా పోయినట్టే.

ఈ లెక్కలన్నీ కాగితం మీద కాదు, మనుషుల మీద తేలాయి. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు కోటను పట్టుకున్నారు. నెల తిరక్కుండానే అక్టోబరులో తుపాను వచ్చి వాళ్ల సేనాని లా బుర్దొనే నౌకాదళాన్ని ఆ రేవులోనే చితక్కొట్టింది. వెయ్యిమందికి పైగా పోయారు. హిందూ మహాసముద్రంలో ఫ్రెంచి బలం విరిగింది ఇంగ్లీషు ఫిరంగికి కాదు, ఆ రాత్రికి. 1749 ఏప్రిల్లో వంతు ఇంగ్లీషువాళ్లది. అడ్మిరల్ బోస్కావెన్ సొంత ఓడ నామూర్ కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోట తీరంలో మునిగింది, 520 మంది చనిపోయారు. పెంబ్రోక్ అనే ఇంకో యుద్ధనౌక పోర్టోనోవో దగ్గర పగిలి మూడు వందల పైచిలుకు మందిని తీసుకుపోయింది. అడ్మిరల్ ఆ సమయంలో నేలమీద ఉన్నాడు కాబట్టి బతికాడు.

1761 జనవరి 1 నాటి తుపాను అన్నిటికంటే పాఠం చెప్పేది. పుదుచ్చేరిని చుట్టుముట్టిన ఇంగ్లీషు ఓడలు తీరం ముందు లంగరేసి ఉన్నాయి. అడ్మిరల్ స్టీవెన్స్ తన ఓడ మోకు తెగ్గొట్టించి లోతుకు పోయాడు, బతికాడు. మిగతావాళ్లను కూడా రమ్మని సంకేతంగా ఫిరంగి పేల్పించాడు. ఆ హోరులో చప్పుడు వినపడలేదు, దీపం కనపడలేదు. ఆజ్ఞ లేనిదే కదలకూడదనే క్రమశిక్షణ వాళ్లను కట్టేసింది. డ్యూక్ డాకిటేన్, సండర్లాండ్ దాదాపు మొత్తం మనుషులతో మునిగాయి. న్యూకాజిల్, క్వీన్‌బరో, ప్రొటెక్టర్ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వాటిలోనివాళ్లు చాలావరకు బతికారు. ఇసుక ఒడ్డు కాబట్టి సరిపోయింది, అదే రాతి ఒడ్డయితే ఒక్కరు మిగిలేవాళ్లు కాదు.

ఇన్ని దెబ్బలు తిన్నాక నియమం గట్టిపడింది. అక్టోబరు 15 నుంచి డిసెంబరు 15 దాకా మద్రాసు కోట జెండాకొయ్యను దించేసేవాళ్లు. ఆ రెండు నెలలూ రేవు మూసినట్టు లెక్క. ఆ కాలంలో ఈ తీరంలో లంగరేస్తే బీమా చెల్లేది కాదు. వరి కోతలకూ వానలకూ ఎట్లా నెలలు పెట్టుకుంటామో తెలిసినవాళ్లకు ఈ కట్టడి వింతగా ఉండదు. ఏప్రిల్, మే తుపాన్లకు మాత్రం అట్లాంటి మూత లేదు. 1749 నాటిది సరిగ్గా ఆ సందులోనే వచ్చింది.

తుపానును ముందే పసిగట్టడానికి 19వ శతాబ్దంలో గాలి ఒత్తిడిని పాదరసంతో కొలిచే బారోమీటరు మామూలైంది. మన ఉష్ణ ప్రాంతంలో పాదరసం రోజూ గడియారంలా ఆడుతుంది. పొద్దున పది, రాత్రి పది ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. తేడా పదోవంతు అంగుళం దరిదాపు. ఈ ఆట తెలియని కొత్త కెప్టెన్ రోజూ సాయంత్రం భయపడతాడు. తెలిసినవాడు మాత్రం పొద్దున పదింటికి పెరగాల్సిన పాదరసం పెరగకపోతేనే లేచి నిలబడతాడు. గాలి లేకుండానే తూర్పు నుంచి పొడవాటి అలలు రావడం ఇంకో గుర్తు. గాలికి ఎదురుగా నిలబడితే తుపాను గుండె మన కుడిచేతి వైపు, కొంచెం వెనగ్గా ఉంటుంది. అది గుర్తుంటే ఎటు పారిపోవాలో తెలుస్తుంది. 'సైక్లోన్' అనే మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో కూర్చుని పాత ఓడల దినచర్య పుస్తకాలు పోగేసి ఈ లెక్కలే తీశాడు. అతను చెప్పినవాటిలో మన కోరంగి ఉంది. 1789 డిసెంబరులో మూడు ఉప్పెన అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరినీ ఓడలనూ ఊడ్చేశాయి. 1839 నవంబరులో మళ్లీ అదే చోట. ఆ రోజు 20,000 ఓడలు పోయాయని ఇంటర్నెట్లో ఎక్కడ చూసినా ఉంటుంది. నమ్మొద్దు. గోదావరి పాయలోని నావలు, చేపల పడవలు కలిపినా ఒక్క రేవులో అన్ని పట్టవు.

నడిసముద్రంలో పోయిన ఓడలకు కారణం వేరే. అక్కడ ఒడ్డు లేదు, కానీ ఓడ తానే పాతబడి ఉంటుంది. 1807 జనవరి 12న అడ్మిరల్ ట్రౌబ్రిడ్జ్ మద్రాసు నుంచి బ్లెన్‌హైమ్ అనే ముసలి యుద్ధనౌకలో ఆఫ్రికా దక్షిణ కొస దగ్గరి గుడ్‌హోప్ అగ్రం వైపు బయల్దేరాడు. అప్పటికే అది మలక్కా దగ్గర నేలకు తగిలి వెన్నుదూలం వంగింది, రేవులో ఉండగానే పంపులు ఆడుతున్నాయి. దాంతోపాటు జావా అనే ఓడ. ఫిబ్రవరి 1న మడగాస్కర్ వైపు తుపానులో రెండూ ఆపద జెండాలతో కనిపించాయి. తర్వాత ఆచూకీ లేదు. ఆ మరుసటి ఏడు అక్టోబరు 25న మద్రాసు నుంచి బయల్దేరిన ఈస్టిండియా కంపెనీ ఓడల గుంపులో గ్లోరీ, లార్డ్ నెల్సన్, ఎక్స్‌పెరిమెంట్ నవంబరులో మాయమయ్యాయి. 1809 మార్చి 14న ఇంకో గుంపులో నాలుగు, మారిషస్ దగ్గర. నాలుగు నెలల్లోపు ఏడు పెద్ద ఓడలు.

అట్లాంటి ఓడ లోపల ఏం జరుగుతుంది? తుపానులో కొయ్యలు ఊగుతూ పలకల కీళ్లను వదులు చేస్తాయి, సందుల్లో దట్టించిన నార ఊడుతుంది. నీళ్లు వస్తాయి, పంపులు మొదలవుతాయి. పంపు గొట్టంలోకి ఇసుకో బియ్యమో మిరియాలో దూరి మూసుకుపోవడం మామూలు సంగతి. బియ్యం బస్తాలు తడిసి ఉబ్బితే లోపలి పలకలనే తోస్తాయి. అడుగున బరువు కోసం సురేకారం నింపితే అది నీళ్లలో కరిగి పంపు వెంట బయటికి పోతుంది. అడుగు బరువు తగ్గి ఓడ పక్కకు వాలుతుంది. పైన ఫిరంగులను సముద్రంలోకి తోసేయడం, కారే చోట నార కుట్టిన తెరచాపను ఓడ కిందుగా లాగి అతికించడం, ఇవీ చేయగలిగినవి. ఆ తెరచాప ఉపాయంతోనే 1770 జూన్‌లో ఇంగ్లీషు నావికుడు కుక్, ఆస్ట్రేలియా పగడపు గట్టుకు తగిలి కారుతున్న తన ఓడ ఎండెవర్‌ను ఒడ్డుకు చేర్చాడు. అంతకుముందు నలభై యాభై టన్నుల బరువు పారేశాకే అది గట్టు మీద నుంచి తేలింది. నీళ్లు నెమ్మదిగా ఉండబట్టి కుదిరింది, తుపానులో కుదరదు.

మూడో రకం, ఎక్కడున్నామో తెలియక నేలకు కొట్టుకోవడం. ఉత్తర దక్షిణ కొలత సూర్యుణ్ణి చూసి తీయొచ్చు. తూర్పు పడమరల కొలతకు 18వ శతాబ్దం చివరిదాకా చాలా ఓడలకు అంచనానే గతి. 47 అడుగుల 3 అంగుళాలకు ఒక ముడి వేసిన తాడుకు పలక కట్టి వెనక వదిలి, 28 సెకన్ల ఇసుక గడియారం అయ్యేలోపు ఎన్ని ముడులు పోయాయో లెక్కపెట్టేవాళ్లు. గంటకు అన్ని సముద్రపు మైళ్లు. లెక్క సరైనదే. కానీ తాడు తడిసి కురచ అవుతుంది, గడియారంలో చెమ్మ చేరి ఇసుక నెమ్మదిస్తుంది. నూటికి ఐదు తప్పు వచ్చినా రోజుకు 120 మైళ్లు పోయే ఓడకు ఇరవై రోజుల్లో 120 మైళ్ల తేడా. అన్నిటికంటే పెద్ద చిక్కు ప్రవాహం. ఓడా పలకా ఒకే నీళ్లలో కొట్టుకుపోతుంటే తాడుకు ఆ కదలిక తెలియదు.

1755 జూలైలో మన తీరానికి వస్తున్న డాడింగ్టన్ అనే ఓడ గుడ్‌హోప్ దాటి ఈశాన్యానికి తొందరగా తిరిగి పక్షుల దీవి దగ్గరి రాళ్లకు కొట్టుకుంది. 270 మందిలో 23 మంది మిగిలి, ఆ దీవి మీదే ఏడు నెలలుండి పడవ కట్టుకుని బయటపడ్డారు. మద్రాసు మనుషులనూ సొత్తునూ ఎక్కించుకున్న గ్రోవెనర్ అనే ఓడ 1782 ఆగస్టు 4న దక్షిణాఫ్రికా తూర్పు తీరంలో పగిలింది. నేల వందల మైళ్ల దూరంలో ఉందని కెప్టెన్ లెక్క. రాత్రి కొయ్య మీదున్న కాపలావాళ్లు మంటలు చూసి చెప్పినా అధికారి పట్టించుకోలేదు. అవి ఒడ్డున గడ్డికి పెట్టిన మంటలు. దాదాపు 150 మందిలో 123 మంది ఒడ్డెక్కారు. గుడ్‌హోప్ దాకా నడిచి చేరుదామని బయల్దేరినవాళ్లలో ఇంగ్లండు మొహం చూసింది ఇరవైమంది లోపే.

మద్రాసుకు రేవు గోడలు కట్టడం 1875లో మొదలై, పూర్తికావస్తుండగా 1881 నవంబరు తుపానులో చాలా భాగం కొట్టుకుపోయింది. మళ్లీ కట్టారు. తూర్పుకు పెట్టిన వాకిలి గుండా అలలు లోపలికొస్తున్నాయని 20వ శతాబ్దం మొదట్లో దాన్ని ఈశాన్యానికి మార్చారు. అయినా ఇప్పటికీ పెద్ద తుపాను హెచ్చరిక వస్తే చెన్నై రేవు ఓడలను లోతుకు పంపేస్తుంది. 2012 అక్టోబరు 31న నీలం తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది. దానికి ఉత్తరాన లంగరేసిన ప్రతిభా కావేరి అనే ట్యాంకరు లంగరు జారి బెసెంట్ నగర్ ఇసుకలో కూరుకుంది. ఓడ మీదే ఉన్నవాళ్లు బతికారు. లైఫ్‌బోటు దించి కెరటాల్లోకి దిగినవాళ్లలోనే ప్రాణాలు పోయాయి.